కొత్త రంగు పెచ్చులూడితే

(రాజమహేంద్రవరంలో బండ్లకు రంగులు వేసే ఒక మేస్త్రి, కారు డ్రైవర్లతోనూ, రంగు పని నేర్చుకునే కుర్రాళ్లతోనూ మాట్లాడిన మాటలు)



ఇవాళ బండి మీద రంగు గురించి మాట్లాడుకుందాం. రంగే కదా, దానికింత మాట ఎందుకు అనుకోవద్దు. మీలో చాలామంది పాత కారు కొనుక్కుని, దానికి కొత్తగా రంగు వేయించి, కిరాయికి తిప్పుకుంటున్నారు. అప్పు చేసి కొన్న బండి. రంగు కోసం దాని మీద ఇంకొంత అప్పు. ఆ రంగు రెండు ఎండాకాలాలైనా నిలవకుండా పెచ్చులూడితే ఎలా ఉంటుంది? పెళ్లి బేరానికి వచ్చినవాడు బండి చూసి, పక్క బండి దగ్గరకు పోతాడు. పోనీ అమ్ముదామంటే, కొనేవాడు ఆ పెచ్చులు చూపించి ధర కోస్తాడు. వాయిదా మాత్రం నెల నెలా కట్టాల్సిందే.

అందుకని ఈ పెచ్చు ఎందుకు లేస్తుందో తెలుసుకోవాలి. లేచాక ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తెలుసుకోవాలి. తెలిస్తే మనల్ని ఎవరూ మాయ చెయ్యలేరు.

ఊడిన పెచ్చు ఒకటి తీసుకోండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అందులో రంగు ఉండదు. ఉల్లిపొర లాగా అవతలి వెలుగు కనిపిస్తుంది. దీన్నే షెడ్లలో క్లియర్ అంటారు. కొందరు లక్కరు అంటారు. బండికి మెరుపు ఇచ్చేది ఇదే.

బండి ఒంటి మీద ఉండేది ఒక్క పూత కాదు. అడుగున ఇనప రేకు. దాని మీద ప్రైమర్. సొట్ట పడిన చోట పుట్టీ. దాని పైన రంగు. రంగు పైన క్లియర్. ఇప్పటి కార్లలో రంగు పూత ఒక్కటే వేసి ఆపేస్తే, అది పలక లాగా మొద్దుగా ఉంటుంది. మెరవదు. క్లియర్ పడ్డాకే అద్దంలా మెరుస్తుంది. క్లియర్ ఇంకో పని కూడా చేస్తుంది. రంగుకు గొడుగు పడుతుంది. ఎండ, వాన, దుమ్ము ముందు దాన్నే తాకుతాయి.

ఆ గొడుగు ఎంత మందం ఉంటుందనుకుంటున్నారు? కంపెనీ నుంచి వచ్చిన కారు మీద అన్ని పూతలూ కలిపినా ఒక మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. అందులో క్లియర్ వాటా సగం కూడా ఉండదు. మన తల వెంట్రుక కంటే పలచన. ఇంత పలచని పొర మీద అంత ఎండ పడుతుంది!

పాత అంబాసిడర్లు, పద్మిని కార్లు నడిపిన పెద్దవాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్లు అనవచ్చు, మా రోజుల్లో ఈ పెచ్చుల గోల లేదే అని. నిజమే. ఆ బండ్లకు రంగూ మెరుపూ ఒకే పూతలో ఉండేవి. వెలిసిపోయేవి, సున్నం రాసినట్టు తెల్లబడేవి. రుద్ది పాలిష్ పడితే మళ్లీ రంగు తేలేది. పొరగా మాత్రం లేచేది కాదు. ఆ రోజుల్లో దాన్ని డ్యూకో పెయింట్ అనేవాళ్లం. ఇప్పటికీ కొందరు ఏ రంగునైనా డ్యూకో అనే అంటారు. అది 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ అమ్మిన ఒక రంగు పేరు. రంగు పోయింది, పేరు మిగిలింది.

మీ బండికి క్లియర్ ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. తెల్లని గుడ్డ తీసుకోండి. దానికి కాస్త పాలిష్ రాసి, ఎవరికీ కనపడని చోట రుద్దండి. గుడ్డకు బండి రంగు అంటితే, అది ఒక్క పూత రంగు. గుడ్డకు రంగు అంటకపోతే, పైన క్లియర్ ఉన్నట్టు. మీరు ఏం వేయించాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. కాబట్టి ముందు ఈ పరీక్ష చెయ్యండి.

ఇక పెచ్చు ఎందుకు లేస్తుందో చూద్దాం.

మొదటి శత్రువు ఎండ. ఎండలో మన కంటికి కనపడని కిరణాలుంటాయి. అతినీలలోహిత కిరణాలంటారు. మంచి క్లియర్‌లో ఈ కిరణాలను పీల్చుకునే మందు కలిపి ఉంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఆ మందు అరిగిపోతుంది. అప్పుడు కిరణాలు క్లియర్‌ను దాటి కిందికి దిగుతాయి. రంగుకూ క్లియర్‌కూ మధ్య ఉన్న పట్టును కోసేస్తాయి. పట్టు తెగాక చిన్న గీత చాలు. అక్కడి నుంచి నీరు దూరుతుంది, అంచు లేస్తుంది. చూడండి, ముందుగా ఊడేది ఎప్పుడూ టాపు, బానెట్, డిక్కీ మూత. తలుపులు బాగానే ఉంటాయి. ఎండ నెత్తి మీద పడుతుంది గనుక. మన రాజమండ్రి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలితే వెంట్రుకంత పొర ఎంత?

అయితే ఒక మాట. కంపెనీ రంగు చాలా ఏళ్లు నిలుస్తుంది. మళ్లీ వేయించిన రంగు రెండేళ్లలో ఊడుతుంది. ఎండ రెండింటికీ ఒక్కటే కదా! కాబట్టి నెపమంతా ఎండ మీద వేసి ఊరుకోకూడదు. పని సరిగా జరగకపోతేనే ఎండ గెలుస్తుంది.

గోడకు సున్నం వెయ్యడం మీ అందరికీ తెలుసు. పాత సున్నం గీకకుండా, దుమ్ము దులపకుండా, పైన కొత్త సున్నం కొడితే ఏమవుతుంది? పండుగ నాటికి తళతళలాడుతుంది. వానాకాలం వచ్చేసరికి పాతదాన్నీ వెంటేసుకుని పెచ్చులుగా రాలుతుంది. బండి కూడా అంతే. నున్నగా మెరిసే పాత పూత మీద కొత్త పూత నిలవదు. ఎమరీ కాగితంతో రుద్ది, మెరుపు చంపి, గరుకు చెయ్యాలి. కొత్త పూత ఆ గరుకును పట్టుకుని నిలబడుతుంది. రుద్దడానికి చేతులు నొప్పి పుడతాయి, రోజులు పడతాయి. రంగు కొట్టడానికి గంట చాలు. తొందర ఉన్నవాడు దేన్ని తగ్గిస్తాడో మీరే ఊహించుకోండి.

రెండోది మురికి. కంటికి కనపడే మురికి కాదు. పాలిష్‌లో ఉండే మైనం, సిలికాన్, చేతి జిడ్డు, ఇంజను ఆయిలు. ఇవి ఉన్న చోట రంగు పట్టదు. చేప కన్ను లాగా గుండ్రని గుంటలు పడతాయి. కంప్రెషర్ గొట్టంలోంచి గాలితో పాటు నీటి తుంపర వచ్చినా ఇదే గొడవ. రోజూ పొద్దున్నే కంప్రెషర్ ట్యాంకు కింది బిరడా విప్పి నీళ్లు వదలాలి. కుర్రాళ్లూ, ఈ పని మీదే.

మూడోది పాళ్లు. క్లియర్ దానంతట అది గట్టి పడదు. అందులో హార్డ్‌నర్ కలపాలి. ఎంత కలపాలో డబ్బా మీద అంకెల్లో రాసి ఉంటుంది. 2:1 అని ఉంటే రెండు పాళ్లు క్లియర్, ఒక పాలు హార్డ్‌నర్. 4:1 అని ఉంటే నాలుగు పాళ్లకు ఒక పాలు. డబ్బా మీద మిగతా అక్షరాలు ఇంగ్లీషులో ఉండొచ్చు. ఈ రెండు అంకెలూ మనం చదవగలం. గీతలున్న కొలత గ్లాసు దగ్గర పెట్టుకోండి. కొందరు చూపు మీదే కలుపుతారు. అది పులుసులో ఉప్పు కాదండి, రుచి చూసి సరిచెయ్యడానికి! హార్డ్‌నర్ తక్కువైతే పూత మెత్తగా ఉండిపోతుంది. ఎక్కువైతే పెళుసెక్కి నెర్రెలిస్తుంది. హార్డ్‌నర్ ఖరీదు ఎక్కువ గనుక తగ్గించి, థిన్నర్ ఎక్కువ పోసేవాళ్లూ ఉన్నారు. అలాంటి పూత ఆ రోజు మెరుస్తుంది. థిన్నర్ ఆరిపోయాక మిగిలేది ఏముంది? పలచని పొర.

ఇంకో సంగతి. హార్డ్‌నర్ డబ్బా మూత బిగించి పెట్టాలి. గాలిలో తేమ తగిలితే అది పాడవుతుంది. చిక్కబడినా, తెల్లగా మబ్బు పట్టినా పారేయాల్సిందే. ఖరీదైన సరుకని దాచుకుని వాడితే బండి మొత్తం పోతుంది.

నాలుగోది వేళ. రంగు పూత వేశాక అందులోని థిన్నర్ బయటికి పోవాలి. మామూలుగా 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. అది పోకముందే పైన క్లియర్ కొడితే లోపల చిక్కుకుపోతుంది. తర్వాత బొబ్బలు వస్తాయి. అలాగని ఇవాళ రంగు వేసి, మూడు రోజులయ్యాక తీరిగ్గా క్లియర్ కొడితే, అప్పుడు రంగు ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. క్లియర్ దానితో కలవదు. పైపైన ఉండిపోతుంది. కరెంటు పోయిందనో, సరుకు రాలేదనో మధ్యలో పని ఆగితే, మళ్లీ రుద్ది, మళ్లీ రంగు కొట్టి, అప్పుడు క్లియర్ వెయ్యాలి. డబ్బా మీద ఈ గంటలు కూడా రాసి ఉంటాయి.

పెద్ద పెద్ద ఫ్యాక్టరీలలో కూడా ఇలాంటివి జరిగాయి. 1980ల చివర, 1990ల మొదట్లో అమెరికాలో లక్షల కొత్త కార్లకు రంగు ఊడింది. రేకు మీద మొదటి ప్రైమర్ వేసి, దాని మీద ఇంకో ప్రైమర్ వెయ్యకుండా నేరుగా రంగు వేసిన బండ్లు వాటిలో చాలా ఉన్నాయి. ఎండ రంగులోంచి దిగి కింది ప్రైమర్‌ను పొడి చేసింది. రంగూ క్లియర్ కలిసి చాపలా లేచాయి. ఒక్క పూత మిగుల్చుకోబోతే అంత పని అయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పెచ్చు లేచిన బండిని ఏం చెయ్యాలి?

ముందు బండిని నీడలో పెట్టి బాగా చూడండి. మెరుపు తగ్గి మొద్దుబారింది గాని ఎక్కడా పొర లేవలేదు, అంచులు లేవు, నెర్రెలు లేవు. అలాగైతే మీరు అదృష్టవంతులు. రబ్బింగ్ పాలిష్ పట్టిస్తే మెరుపు తిరిగి వస్తుంది. అయితే పాలిష్ పట్టడమంటే క్లియర్‌ను కొంచెం అరగదీయడమే. ఏడాదికి నాలుగుసార్లు మిషన్ పాలిష్ పట్టిస్తే, వెంట్రుకంత పొర ఎన్నాళ్లుంటుంది? అంచుల దగ్గర ముందే అరిగిపోతుంది. అవసరం అయితేనే పట్టించండి.

పొర లేచిందా? తెల్లగా పొలుసులు కట్టిందా? అప్పుడు పాలిష్ పనికిరాదు. ఏ మైనమూ, ఏ నూనే దాన్ని మళ్లీ అతికించలేదు. టీవీలో ఏదో సీసా చూపించి, రాస్తే కొత్త బండి అవుతుందని చెప్తారు. తడి ఉన్నంతసేపు బాగుంటుంది. ఆరితే మళ్లీ మామూలే. కిరసనాయిలు గుడ్డతో తుడిచే డ్రైవర్లున్నారు. డీజిలుతో తుడిచేవాళ్లూ ఉన్నారు. ఆ పూటకు మెరుస్తుంది. ఆ జిడ్డు అంచుల కిందకు దూరి, రేపు వేసే రంగును కూడా చెడగొడుతుంది.

ఒక తమ్ముడు ఇందాక అడిగాడు. "మేస్త్రిగారూ, ఊడిన చోట మళ్లీ ఒక కోటు క్లియర్ కొడితే సరిపోదా? ఒకాయన ఒక్క పూటలో, తక్కువ డబ్బుకు చేసి ఇస్తానన్నాడు" అని.

సరిపోదు బాబూ. ఎందుకో చెప్తాను. ఊడిన చోటుకు చుట్టూ ఉన్న పాత క్లియర్ ఉంది చూశావా, అది పైకి బాగానే కనిపిస్తుంది. లోపల దాని పట్టు పోయే ఉంటుంది. కొత్త క్లియర్ దాని మీద పడుతుంది. నెల తిరిగేసరికి పాతది లేస్తుంది, కొత్తదాన్ని వీపున మోసుకుంటూ లేస్తుంది. పుచ్చిన గుమ్మానికి రంగు వేసినట్టు. పట్టు ఎంతవరకు ఉందో చూడాలంటే ఒక ఉపాయం ఉంది. కాగితం టేపు ముక్క అంచు మీద అతికించి, గట్టిగా నొక్కి, ఒక్క విసురున లాగు. టేపుతో పాటు పొర వస్తే అక్కడ కూడా తీసెయ్యాలి. రానంతవరకు జరుగుతూ పోవాలి. నాలుగు వేళ్ల మేర ఊడింది అనుకున్నది బానెట్ అంతా అవుతుంది. అందుకే ఊడిన మచ్చ మటుకు చేస్తాననేవాణ్ని నమ్మకు. బానెట్ అయితే బానెట్ మొత్తం, టాపు అయితే టాపు మొత్తం చెయ్యాలి. నడిమధ్యలో క్లియర్ ఆపితే ఆ గీత ఎప్పటికీ కనిపిస్తుంది. మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది.

సరైన పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్తాను. మీరు స్వయంగా చెయ్యకపోయినా, షెడ్డు దగ్గర నిలబడి చూసినప్పుడు తెలుస్తుంది.

ముందు బండిని కడగాలి. ఆరాక జిడ్డు తీసే మందుతో తుడవాలి. రుద్దక ముందే తుడవాలి సుమా! లేకపోతే ఎమరీ కాగితం ఆ జిడ్డును గీతల్లోకి ఎక్కిస్తుంది. తర్వాత లేచిన పొరంతా గీకెయ్యాలి. అప్పుడు 320 లేదా 400 నంబరు కాగితంతో అంచులు రుద్దాలి. నంబరు పెరిగే కొద్దీ కాగితం నునుపవుతుంది. నీళ్లు పోసి రుద్దుతుంటే తెల్లని పాలు కారుతాయి. తెల్లగా వస్తే ఇంకా క్లియర్ మీదే ఉన్నామన్న మాట. బండి రంగు కారిందంటే రంగు పూతకు చేరాం. అంచు పోయిందా లేదా అని కంటితో చూడకండి. కళ్లు మూసుకుని వేలు రాయండి. వేలికి గట్టు తగిలితే ఇంకా రుద్దాలి. ఇవాళ వేలికి తగిలిన గట్టు, రేపు క్లియర్ పడ్డాక అందరి కంటికీ తగులుతుంది.

రేకు బయటపడిన చోట తుప్పు ఉంటే పూర్తిగా తీయాలి. తుప్పు మీద వేసిన ఏ పూతా నిలవదు. అక్కడ ప్రైమర్ వెయ్యాలి. ఎపాక్సీ ప్రైమర్ అయితే తుప్పును బాగా ఆపుతుంది. పుట్టీ పెట్టిన చోట నీళ్లు పోసి రుద్దకూడదు. పుట్టీ స్పంజి లాగా నీళ్లు తాగుతుంది. ఆ నీరు ఎండకు ఆవిరై పైకి తన్ని బొబ్బలు కడుతుంది. కాబట్టి పుట్టీని పొడిగానే రుద్దాలి. ప్రైమర్ పడ్డాక నీళ్లు పోసి రుద్దుకోవచ్చు. ఆఖరున 600, 800 కాగితంతో అంతా ఒకే తీరుగా మొద్దు చెయ్యాలి. మూలల్లో, అద్దం రబ్బరు పక్కన, తలుపు పిడి కింద మెరుపు మిగిలితే పెచ్చు అక్కడే మొదలవుతుంది. నన్నడిగితే రంగు పని అంతా ఇక్కడే ఉంది. గన్ను పట్టడం నెలలో వస్తుంది. మూలలు రుద్దే ఓపిక రావడానికి ఏళ్లు పడుతుంది.

ఆ తర్వాత రంగు, రెండు మూడు పలచని కోట్లు. మధ్య మధ్య ఆరనివ్వాలి. తర్వాత క్లియర్, రెండు నిండు కోట్లు. ఒక్క కోటుతో సరిపెట్టేవాళ్లున్నారు. మన ఎండకు ఒక్క కోటు చాలదు. పెద్ద కంపెనీ షెడ్లలో బండిని వేడి గదిలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కాలుస్తారు. మన షెడ్లలో ఆ గది ఉండదు. కాబట్టి ఆరడానికి వ్యవధి ఇవ్వాలి. సాయంత్రం కొట్టి, తెల్లారి బేరానికి బండి ఇమ్మంటే కుదరదు.

ఇక వాతావరణం. గోదావరి ఒడ్డున ఉన్నాం. వానాకాలంలో గాలి నిండా తేమే. థిన్నర్ ఆరేటప్పుడు రేకు చల్లబడుతుంది. చల్లటి గ్లాసుకు చెమట పట్టినట్టు పూత మీద తేమ పడుతుంది. పూత పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ముసురు పట్టిన రోజు రంగు వెయ్యకూడదు. నడివేసవి మధ్యాహ్నం కూడా కూడదు. రేకు పెనంలా కాలుతుంటే తుంపర పడీ పడకముందే ఆరిపోతుంది. పూత కలవక ఇసక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. చలికాలంలో మంచు విడిచాక, పొద్దెక్కిన తర్వాత, నీడన వేసుకుంటే మేలు.

పుష్కరాలు వానాకాలంలో వస్తాయి. 2015లో జులై 14 నుంచి 25 వరకు జరిగాయి. 2027లో మళ్లీ వస్తాయి. ఊరు ఊరంతా యాత్రికులుంటారు, బండికి గిరాకీ ఉంటుంది. ఆఖరి వారంలో రంగు వేయించుకుందామని ఆగితే, షెడ్డు నిండా బండ్లుంటాయి, పైన వాన ఉంటుంది. ఆ రద్దీలో పని ఎలా జరుగుతుందో చెప్పాలా? వెయ్యదలచుకుంటే ముందు చలికాలంలోనే వేయించుకోండి.

ఇప్పుడు కుర్రాళ్లకు ఒక మాట. ఇది జాగ్రత్తగా వినండి.

1984 డిసెంబరులో భోపాల్‌లో ఒక రాత్రి విషవాయువు లీకై వేలమంది చనిపోయారు. ఆ వాయువు పేరు మిథైల్ ఐసోసైనేట్. మనం క్లియర్‌లో కలిపే హార్డ్‌నర్‌లోనూ ఐసోసైనేట్ జాతి మందే ఉంటుంది. అదే మందు కాదు. అంత గాఢంగా, అంత వేగంగా చంపదు. కాని ఆ జాతిదే. గన్నుతో కొట్టినప్పుడు తుంపరగా గాలిలో తేలుతుంది. ఊపిరితో లోపలికి పోతుంది. కొందరికి ఆస్తమా తెచ్చిపెడుతుంది. ఒకసారి ఒంటికి అది పడకుండా పోయిందంటే, ఆ తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం వస్తుంది. అప్పుడు ఈ పనే మానుకోవాల్సి వస్తుంది.

మూతికి జేబురుమాలు కట్టుకుంటే చాలనుకుంటున్నారు. చాలదు. 2020లో కరోనాకు పెట్టుకున్న గుడ్డ మాస్కు కూడా చాలదు. అవి దుమ్మును కొంత ఆపుతాయి, ఆవిరిని ఆపవు. బొగ్గు డబ్బీలు ఉన్న రబ్బరు మాస్కు వస్తుంది. అది ముఖానికి బిగుతుగా అంటుకోవాలి. డబ్బీలు ఎప్పటికప్పుడు మార్చాలి. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి వచ్చే మాస్కు ఇంకా మేలు. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు. చేతులు థిన్నర్‌తో కడుక్కోవద్దు. అది చర్మంలోంచి ఒంట్లోకి ఇంకుతుంది. షెడ్డులో బీడీ వెలిగించొద్దు. థిన్నర్ ఆవిరి అంటుకుంటే ఆర్పడానికి వ్యవధి ఉండదు.

పని రోజుల్లో రాత్రిపూట దగ్గు, ఛాతీ బిగబట్టినట్టు ఉండటం, సెలవు రోజున తేలిక పడటం, మళ్లీ పనికి వెళ్తే తిరగబెట్టడం. ఇలా ఉంటే జలుబని ఊరుకోవద్దు. డాక్టరు దగ్గరకు వెళ్లి, నేను బండ్లకు రంగు కొడతాను, హార్డ్‌నర్ వాడతాను అని చెప్పండి. అది చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు. మాస్కు కొనివ్వమని యజమానిని అడగడానికి మొహమాటపడొద్దు. ఒక బండికి వేసే సరుకు ఖరీదు ముందు మాస్కు ఖరీదు ఏపాటిది? ఇంకో మాట, ఇళ్ల మధ్య షెడ్డు ఉంటే, గన్ను పట్టే వేళ పసిపిల్లలను ఆ దాపుకు రానివ్వకండి.

మళ్లీ డ్రైవర్ల దగ్గరకు వద్దాం. షెడ్డుకు బండి ఇచ్చే ముందు నోటి మాట మీద ఇవ్వకండి. ఒక కాగితం మీద రాయించుకోండి. ఏ ఏ భాగాలు చేస్తారు? పాత పొర ఎంతవరకు తీస్తారు? ఏ కంపెనీ రంగు, ఏ కంపెనీ క్లియర్? క్లియర్ ఎన్ని కోట్లు? ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఎన్ని నెలల్లోగా ఊడితే డబ్బు తీసుకోకుండా మళ్లీ చేస్తారు? మొత్తం ఎంత, బయానా ఎంత? కింద తేదీ, సంతకం. మీరే చదువుకుని, సరిగా ఉంటేనే మీ సంతకం పెట్టండి. రాయడానికి వెనకాడే షెడ్డులో బండి పెట్టకపోవడమే మంచిది. వీలైతే మధ్యలో ఒకసారి వెళ్లి చూడండి. పైన క్లియర్ పడ్డాక కింద ఏం జరిగిందో ఎవరికీ కనపడదు. రుద్దిన రోజున వెళ్తే అన్నీ కనపడతాయి.

పాత బండి కొనేటప్పుడు కూడా ఇదే చూపు ఉండాలి. అద్దాల రబ్బరు అంచులు ఎత్తి చూడండి. అక్కడ రంగు గీత కనిపిస్తే బండికి మళ్లీ రంగు వేశారన్న మాట. తలుపు రంగుకూ పక్క రంగుకూ తేడా ఉందేమో ఎండలో చూడండి. చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి రేకు మీద పెట్టండి. ఇనప రేకు దాన్ని పట్టుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్న చోట పట్టదు. అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది.

నా అభిప్రాయం ఒకటి చెప్తాను, నా వ్యాపారానికి అడ్డమైనా సరే. రంగు ఊడినంత మాత్రాన బండి ఆగిపోదు. చేతిలో డబ్బు తక్కువుంటే ముందు టైర్లు, బ్రేకులు చూసుకోండి. రంగు ఆగుతుంది. అప్పటిదాకా రేకు బయటపడిన చోట మటుకు తుప్పు గీకి ప్రైమర్ రాయించండి. లేచిన అంచుల మీద జోరు నీళ్ల పైపు కొట్టొద్దు. దాని మీద స్టిక్కర్లు అతికించి దాచొద్దు. స్టిక్కరు తీసిన రోజు మిగతాది కూడా దానితో వస్తుంది.

కొత్త రంగు వేయించినవాళ్లు ఒక వారం సబ్బు పెట్టి కడగొద్దు. ఒక నెల మైనం పాలిష్ పెట్టొద్దు. లోపల ఇంకా థిన్నర్ ఆరుతూ ఉంటుంది, దానికి దారి వదలాలి. బట్టల సబ్బు పొడితో ఎప్పుడూ కడగొద్దు. పక్షి రెట్ట పడితే వెంటనే తడి గుడ్డతో నానబెట్టి తీయండి. ఎండిపోయాక గోకితే క్లియర్ గీసుకుపోతుంది. బోరు నీళ్లతో కడిగితే ఆరకముందే తుడిచెయ్యండి, లేకపోతే ఉప్పు మచ్చలు కడతాయి. గోదావరిలోకి బండి దింపి కడగొద్దు. ఆ ఆయిలు మనం తాగే నీళ్లలో కలుస్తుంది. దసరాకు బండి పూజ చేస్తాం. బొట్లు పెట్టండి, దండ వెయ్యండి. సాయంత్రానికి మాత్రం తుడిచెయ్యండి. కొత్త పూత మీద పసుపు రెండు రోజులుంటే ఆ మరక వదలదు.

వెనక వరసలో అన్నయ్య రంగు మార్చుకోవచ్చా అని అడుగుతున్నారు. ఆర్.సి.లో మీ బండి రంగు రాసి ఉంటుంది, తీసి చదవండి. అదే రంగు మళ్లీ వేయించుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. తెల్ల బండిని ఎర్ర బండి చేస్తే మాత్రం రవాణా శాఖ ఆఫీసులో ముందు అనుమతి తీసుకోవాలి, ఆర్.సి.లో మార్పించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 52వ సెక్షన్ బండిలో చేసే మార్పుల గురించే. అలా చెయ్యకపోతే తనిఖీలోనూ, బీమా అడిగినప్పుడూ, అమ్మేటప్పుడూ చిక్కు వస్తుంది.

మోటారు సైకిలు టాంకు సంగతి కూడా అడిగారు. దానికీ పైన క్లియరే. స్టిక్కరు మీద కూడా క్లియర్ కొడతారు. కొత్తగా వేసినప్పుడు పెట్రోలు ఒలికితే పూత మెత్తబడి ముడతలు పడుతుంది. బంకులో అంచుదాకా పోయించుకోకండి. ఒలికితే రుద్దకండి. గుడ్డతో అద్ది, నీళ్లు పోసెయ్యండి.